పొట్టి కాళ్ళకు ఆముదం

ధర్మవరం నుంచి మా చెల్లెలు ఫోన్ చేసిన రోజు జూలై ఆరో తేదీ, ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి చేసింది. ఆమె మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతోంది. సెల్లులో ఏవో వీడియోలు చూసి, కార్గి కుక్కపిల్ల కావాలని రెండు నెలలుగా పట్టుబట్టిందట.

“అక్కా, మన చుట్టాల్లో ఆ కుక్కను పెంచినదానివి నువ్వొక్కదానివే. వద్దని నీ నోటితో చెప్పు, వింటాది. నా మాట గాలికి పోతాండాది” అంది చెల్లెలు.

వెనక నుంచి ఆ పిల్ల ఫోన్ లాక్కుంది. “అవ్వా, నువ్వు వద్దంటే నేను మళ్ళా అడగను. కానీ ఎందుకు వద్దో చెప్పల్ల” అంది.

న్యాయమైన మాట. వచ్చే ఆదివారం నేనే వస్తాను, చూసి చెబుతాను, అంతవరకు ఎవరూ ఏమీ అనుకోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. తర్వాత అటకమీది నుంచి పాత క్యాలెండర్లు దింపాను. నాకు డైరీ రాసే అలవాటు లేదు. గోడ క్యాలెండర్ గళ్ళలోనే రాస్తాను. సిలిండర్ వచ్చిన తేదీ, పాలు రాని రోజు, వాన పడిన రోజు అన్నీ అందులోనే ఉంటాయి. ఏడాది అయిపోయాక చుట్టి, దారం కట్టి దాస్తాను. రెండు వేల పదమూడు నుంచి ఇరవై నాలుగు వరకు పన్నెండు చుట్టలు విప్పేసరికి ఇల్లంతా పాత కాగితం వాసన, దానితోపాటు ఆ ఏళ్ళూ వచ్చేశాయి.

కార్గి మా ఇంటికి వచ్చింది రెండు వేల పదమూడు జూన్ తొమ్మిదిన. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ముచ్చటపడి తెచ్చుకుంది. ఆ కుక్కపిల్ల మొరుగుడు భరించలేనని ఇంటి ఓనరు పదో రోజునే చెప్పేశాడు. అమ్మాయి దాన్ని కూరగాయల బుట్టలో పెట్టుకుని రైల్లో హిందూపురం తెచ్చింది. వేరే ఇల్లు దొరికేదాకా, రెండు వారాలు ఉంచుకోమంది. ఆ రెండు వారాలు పదకొండేళ్ళ ఐదు నెలలయ్యాయి.

అప్పుడు ఇంట్లో నేనూ మా అత్తా ఇద్దరమే. నేను పట్టుగూళ్ళ మార్కెట్టులో తూకాలు రాసే పనిలో ముప్పై ఒక్క ఏళ్ళు ఉండి, అంతకు రెండేళ్ళ ముందే రిటైరయ్యాను. అత్తకు ఎనభై దాటాయి. అమ్మాయి బుట్ట మూత తీసింది. నక్క మొహం, కుందేలు చెవులు, పొడుగాటి ఒళ్ళు, దాని కింద నాలుగు వేళ్ళంత కాళ్ళు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“అయ్యో నాయనా, నీకు తల్లిపాలు చాల్లేదురా” అంది.

ఈ జాతి ఇంతేనని అమ్మాయి చెప్పి చూసింది. అత్త వినలేదు. ఆమె వినకపోవడానికి కారణం ఉంది. మా ఆయనకు మూడో ఏట జ్వరం తగిలి ఎడమ కాలు సన్నబడిపోయింది. ఆ కాలికి అత్త ఎనిమిదేళ్ళు రోజూ గోరువెచ్చటి ఆముదం మర్దనా చేసి, పొద్దుటి ఎండలో కూర్చోబెట్టింది. ఆయన కొంచెం కుంటినా తన కాళ్ళమీదే బడికి పోయాడు, ఉద్యోగం చేశాడు. ఆ నడక ఆముదం పెట్టిందేనని అత్త నమ్మకం. కుక్కపిల్ల వచ్చేనాటికి ఆయన పోయి నాలుగేళ్ళు. ఆముదం గిన్నె మాత్రం వంటింటి అలమరలోనే ఉంది. మర్నాడు పొద్దునే దాన్ని దించింది.

మా ఇంటి ముందర వీధివైపు తిన్నె ఉంది. ఎత్తు రెండడుగుల మూడంగుళాలు. దానిమీద ఎండ పడే మూల అత్త కాళ్ళు చాపి కూర్చుని, పిల్లను కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి, చంటిబిడ్డకు చేసినట్టే నాలుగు కాళ్ళకూ ఆముదం రాసి కిందికి లాగేది. అది కళ్ళు మూసుకుని హాయిగా లాగించుకునేది. ఎర్రటి జుట్టంతా జిడ్డు. ఆ జిడ్డుతో వచ్చి నా మంచం కింద పడుకునేది.

నూనె పైకి, తిండి లోపలికి. రాగి సంగటిలో నెయ్యి, ఉదయం గుడ్డు, ఆదివారం కారం వేయని మేక కాళ్ళ చారు. వీధివాళ్ళకు కూడా సంగతి తెలిసిపోయింది. కాళ్ళు ఎదగని పిల్ల అని ఎదురింటావిడ పాలగిన్నె తెచ్చేది. మూలింటి బీడీల అంగడాయన బన్ను పడేసేవాడు. మంచిమనసుతో పెట్టని చెయ్యి ఆ వీధిలో ఒక్కటీ లేదు.

నా వంతు నేను చేశాను. తూకం. వేలాడదీసే కాటా ఒకటి ఇంట్లో ఉండేది. పిల్లను బుట్టలో పెట్టి కాటాకు తగిలించి, బుట్ట బరువు నాలుగు వందల గ్రాములు తీసేసి రాసుకున్నాను. మొదటి తూకం రెండు కిలోల ఆరు వందల యాభై. తర్వాత ప్రతి నెలా మొదటి ఆదివారం తూచాను. ఆరు నెలల వయసుకు తొమ్మిది కిలోల తొమ్మిది వందలు. అప్పటికి బుట్ట చాలక గోనెసంచి వాడాల్సి వచ్చింది. ఏడాదికి పద్నాలుగు కిలోల రెండు వందలు. ముప్పై ఒక్క ఏళ్ళు మార్కెట్టులో బరువు పెరిగితే రైతు మొహం వెలగడం చూసినదాన్ని. గడిలో అంకె పెరిగినప్పుడల్లా నాకూ అదే సంతోషం.

కాళ్ళూ కొలిచాను. స్కేలు నేలమీద నిలబెట్టి, నేల నుంచి పొట్ట దాకా ఎంతుందో రాసేదాన్ని. ఇక్కడే నా తెలివి తెల్లారింది. ఏడాది నిండినప్పుడు ఐదంగుళాలు. మూడు నెలల తర్వాత నాలుగున్నర. ఇంకో రెండు నెలలకు నాలుగుంబావు. అత్తకు చదివి వినిపిస్తే గుండె మీద చెయ్యి వేసుకుంది. ఉన్న కాళ్ళు కూడా లోపలికి పోతున్నాయని, తిండి ఇంకో పూట పెంచింది. పొట్ట కిందికి దిగితే కొలత తగ్గుతుందన్న మాట లెక్కలతో బతికిన నాకు తట్టలేదు. అత్త పెట్టేది, పొట్ట దిగేది, నేను కొలిచేదాన్ని, అత్త మళ్ళీ పెట్టేది.

చెల్లెలి మనవరాలికి చెప్పాల్సిన మొదటి సంగతి ఇదే అనుకున్నాను. కార్గి ఎప్పుడూ ఆకలిగానే కనబడుతుంది. ఇప్పుడే తిన్న మొహంతో మూడు రోజులుగా తిననట్టు చూడగలదు. ఆ చూపును నమ్మకూడదు.

మిగతావి కూడా ఉన్నాయి. జుట్టు రెండు పొరలు. ఏడాది పొడుగునా రాలుతుంది, అందులో రెండుసార్లు దుప్పటి విదిలించినట్టు రాలుతుంది. మా ఇంట్లో సంగటిలో, దేవుడి పటం అంచుమీద, అత్త తమలపాకుల డబ్బాలో కూడా జుట్టు దొరికింది. మొరుగుడు కుక్క ఎత్తుకు తగ్గది కాదు, పెద్ద కుక్కది. ఎండ పనికిరాదు. ఏప్రిల్, మే నెలల్లో మావాడు కడప బండల మీద నాలుగు కాళ్ళూ నాలుగు వైపులా పరిచి, బల్లిలా అంటుకుని పడుకునేవాడు. ఎండెక్కాక బయటికి తీసుకుపోతే నాలుగిళ్ళు దాటేలోగా రొప్పేవాడు. ఆ మాటకొస్తే ధర్మవరం ఎండ హిందూపురం ఎండకు అక్క.

ఇంకో గుణం మడమలు పట్టడం. కరవడు, పళ్ళు ఆనిస్తాడు. పాలబ్బాయి స్కూటర్ దిగితే మడమ, అమ్మాయి ఊరికి వస్తే మడమ. సాయంత్రం బడి వదిలాక వీధిలో పోయే పిల్లల చుట్టూ తిరిగి తిరిగి, అందరినీ ఒక గుంపు చేసి గోడ పక్కకు తోసేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. తల్లులు నాతో పోట్లాడేవాళ్ళు. ఎందుకలా చేస్తాడో మాకు అర్థం కాలేదు.

అర్థం చేసినవాడు మా అన్న. ఆయనది పెనుకొండ దగ్గర మా పుట్టింటి సేద్యం. రెండావులు, నలభై గొర్రెలు. రెండు వేల పద్నాలుగు దసరా సెలవుల్లో అమ్మాయి వస్తే ముగ్గురం వాణ్ణి తీసుకుని రైల్లో పోయాం. సాయంత్రం గొర్రెలు కొండ వైపు నుంచి దిగి వస్తున్నాయి. మావాడు చెవులు నిక్కించాడు. మేము పట్టుకునేలోపు గొలుసుతో సహా ఉరికాడు. ఇక గొర్రెలు చెదిరిపోయాయి, అన్న తిట్లు లంకించుకుంటాడు అనుకున్నాను. అన్న కర్ర నేలకు ఆనించి అలాగే నిలబడ్డాడు. వాడు వెనక నుంచి వంకరగా పరుగెత్తి, వెనకబడ్డ గొర్రెల మడమల దగ్గర పళ్ళు చూపించి, నలభై గొర్రెలనూ దొడ్డి వాకిలి దగ్గరికి తెచ్చాడు. జీవితంలో గొర్రెను చూడడం అదే మొదలు. తర్వాత ఆవు మీదికి పోయాడు. ఆవు వెనక కాలితో ఈడ్చి ఒక్క తన్ను తన్నింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే వాడు నేలకు అతుక్కుని ఉన్నాడు. గిట్ట వాడి చెవుల మీదుగా గాలిలో పోయింది.

అన్న నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు. తర్వాత అత్తతో అన్నాడు: “చూస్తివా పిన్నమ్మా. కాళ్ళు ఎదగక పొట్టిగా లేవు. తన్ను తగలకుండా పొట్టిగా ఉండాయి. దీనికి ఆముదం ఎందుకు పూస్తాండారు?”

అన్న వాణ్ణి పట్టుకుని, నడుం మీద అరచెయ్యి పెట్టి తడిమాడు. గొర్రెను కొనేముందు తడిమినట్టే తడిమాడు. ఎముక చేతికి తగల్లేదు.

“మే, దీని నడుము చూడు, ఎంత పొడుగుండాదో. రెండు గుంజల మీద పొడుగు దూలం. నడిమధ్య బరువేస్తే ఏమైతాది? తిండి తగ్గించు” అన్నాడు నాతో.

ఆ రోజు గడిలో నేను రాసింది ఇది: గొర్రెలు 40, అన్నీ చేర్చాడు. అన్న చెప్పిన రెండో మాట రాయలేదు. హిందూపురం వచ్చాక ఒక వారం సంగటి తగ్గించాను. వాడు అత్త వైపు చూశాడు. అంతటితో సరి.

రెండు వేల పదిహేను ఫిబ్రవరి పదకొండున పొద్దున ఆరున్నరకు పాల స్కూటర్ వచ్చింది. రోజూలాగే వాడు తిన్నె మీద నుంచి దూకాడు. కానీ రోజూలా మొరగలేదు. కీచుమన్నాడు. ముందరి కాళ్ళతో లేచాడు గానీ వెనక కాళ్ళు తడిగుడ్డల్లా ఈడ్చుకొచ్చాయి.

ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. చిన్న వయసు అమ్మాయి. నడుం తడిమి, కాలి వేళ్ళు గిల్లి చూసి, బరువెంత అని అడిగింది. పదిహేడు కిలోల నాలుగు వందల గ్రాములని నేను తడుముకోకుండా చెప్పాను. ఆమె తలెత్తి చూసింది. ఎప్పుడు తూచారంది. నిరుటిదీ ఆ ఏటిదీ రెండు క్యాలెండర్లూ చేతిలోనే ఉన్నాయి, ఇచ్చాను. ఆమె ఒక్కో నెలా తిప్పి అన్నీ చదివింది. ఈ కుక్క పన్నెండు కిలోలకు మించకూడదని చెప్పింది.

“ఇంత పద్ధతిగా రాసినారు కదమ్మా. ఒక్కసారన్నా వెనక్కి తిప్పి చదివినారా?” అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వెన్నులో నరం నొక్కుకుందని, మందులిచ్చి, నలభై రెండు రోజులు కదలకుండా ఉంచమంది. ఎత్తు నుంచి దూకడం ఇక జన్మలో ఉండకూడదు. మర్దనా అసలు చేయకూడదు. లేస్తే లేస్తాడు, లేకపోతే లేదు, మాటివ్వలేనంది.

ఇంటికి వచ్చి తిన్నె ముందు నిలబడి లెక్క వేశాను. ఎవరొచ్చినా, ఏది పోయినా దూకేవాడు. తక్కువలో తక్కువ రోజుకు పదకొండు సార్లు. దూకడం నేర్చి నాలుగు వందల రోజులు. నాలుగు వేల నాలుగు వందల సార్లు నా కళ్ళముందే దూకాడు. సిలిండర్లు లెక్కపెట్టాను, వానలు లెక్కపెట్టాను. అది లెక్కపెట్టలేదు.

పట్టుపురుగులు గూడు కట్టడానికి వాడే వెదురు తట్టీలను మావైపు చంద్రికలంటారు. తెలిసిన రైతు దగ్గర పాతవి నాలుగు తెచ్చి, నిలబెట్టి, తాడుతో కట్టి గది చేశాం. అందులో వాణ్ణి పడుకోబెట్టాం. అత్త దాని పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ చేతులకు అప్పుడు పని లేదు. నూనె రాయకూడదు, ఎత్తుకోకూడదు, పెట్టకూడదు. ఒడిలో రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి వేసుకుని కూర్చునేది. తప్పు నాదేనని ఆమె నన్ను ఒక్కరోజూ అనలేదు. నేనూ ఆమెను అనలేదు. పెట్టిన చెయ్యి ఆమెది, చూసి సంతోషపడి రాసిన చెయ్యి నాది.

పంతొమ్మిదో రోజు, మార్చి ఒకటి. నేను వంటింట్లో ఉన్నాను. అత్త మెల్లగా పిలిచింది, వాడు వింటే మానేస్తాడేమో అన్నట్టు.

“కుడి కాలి వేలు కదిలె. నేను చూస్తి. రాసుకో.”

నా పెళ్ళయినప్పటి నుంచి నా రాతను వెక్కిరించిన మనిషి. ఈమె ఊపిరి కూడా రాసుకుంటుందని చుట్టాలందరికీ చెప్పేది. రాసుకో అన్నది ఆ ఒక్కరోజే. రాసుకున్నాను. పెన్సిలు రాత ఇప్పటికీ ఉంది.

నలభై రెండో రోజు చంద్రికలు విప్పాం. లేచాడు, పడ్డాడు, లేచాడు. ఎడమ వెనక కాలు కొంచెం ఈడ్చేవాడు. అది చివరిదాకా పోలేదు. తిన్నె కింద వడ్రంగి చేత ఐదడుగుల చెక్క వేయించాను. జారకుండా పైన గోనెపట్టా, మేకులు. వాడు దానిమీద ఎక్కి దిగుతుంటే అత్త కళ్ళార్పకుండా చూసేది. ఒకసారి నా వైపు తిరక్కుండానే, నీ మొగుడి నడకేనే అంది.

తిండికి కాపలా ఆమే అయింది. బన్ను పట్టుకుని వచ్చిన అంగడాయనను తిన్నెమీద నుంచే, ఏమప్పా, నా బిడ్డను చంపను వస్తాండావా అని నిలబెట్టి అడిగింది. ఆయన ఆ బన్ను తానే తినుకుంటూ వెళ్ళిపోయాడు. ఏడాది తిరిగేసరికి పన్నెండు కిలోల ఒక వంద. పొట్ట కింద కొలత మళ్ళీ ఐదంగుళాలకు వచ్చింది. కాళ్ళు పెరిగాయని అత్తకు చెప్పాను. నవ్వింది.

అత్త రెండు వేల పద్దెనిమిదిలో పోయింది. వాడు ఆమె పీట దగ్గర పడుకోవడం మానలేదు. నిరుడు నవంబరులో, వయసైపోయి, ఆ పీట పక్కనే పోయాడు. ఆ తర్వాత క్యాలెండర్‌లో మొదటి ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి.

ఇవన్నీ వారం రోజులు వెనక్కి తిప్పి చదివాను. అప్పుడు చదవనివి ఇప్పుడు చదివాను. శనివారం దాకా వద్దనే చెప్పాలనుకున్నాను. ఆదివారం పొద్దున బయల్దేరేముందు తిన్నె దగ్గర నిలబడి, ఎందుకో ఆ చెక్క ఊడదీసి, పాత చీరలో చుట్టాను. రైల్లో తోటి ప్రయాణికులు దాన్ని కిటికీ పక్కన నిలబెట్టి పెట్టారు. ఇదేమిటమ్మా అని ఒకాయన అడిగితే, కుక్క మెట్టు అని చెప్పాను. పెనుకొండ కొండ కనబడి పోయింది. వద్దని చెప్పబోయేదాన్ని ఇది ఎందుకు మోసుకుపోతున్నానో నాకే తెలియలేదు.

చెల్లెలి ఇంట్లో నడిమింట్లో గుంత మగ్గం ఉంది. నేసేవాళ్ళు కాళ్ళు దింపి కూర్చునే గుంత, రెండున్నర అడుగుల లోతు. ఇంటి ముందర మూడు మెట్లు. చెల్లెలూ ఆ పిల్లా నా ఎదుట కూర్చున్నారు. దాచకుండా అంతా చెప్పాను. జుట్టు, మొరుగుడు, మడమలు, ఎండ, తిండి, నడుము, నలభై రెండు రోజులు. క్యాలెండర్ కూడా చూపించాను. పిల్ల మార్చి ఒకటో తేదీ గడి దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. ముద్దొచ్చే వీడియోల మాట ఎత్తలేదు. తర్వాత లేచి మగ్గం దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసింది.

“అవ్వా, తిన్నె కన్నా ఈ గుంతే లోతు. ఇందులోకి దూకితే?” అంది.

నేను అడగాలనుకున్న ప్రశ్న అది. నా కన్నా ముందు ఆమె అడిగింది. అలా ముందుగా అడిగినవాళ్ళు రెండు వేల పదమూడులో మా ఇంట్లో లేరు. తెచ్చుకోమని చెప్పాను. అయితే ఎండలు పోయాక, దీపావళి దాటాక. గుంతకు అడ్డం కట్టాక. కుక్కపిల్లను ఇచ్చేవాళ్ళ ఇంటికి పోయి, దాని తల్లి ఎలా నడుస్తుందో చూశాక. తూకం ప్రతి నెలా రాయాలి, రాసిన ప్రతిసారీ వెనక నెల చదవాలి.

చెల్లెలు నా వైపు చూసి, వద్దని చెప్పమంటే నువ్వు చెక్క మోసుకొస్తివే అంది. విసుక్కుంటూనే చీర మూట విప్పింది. తేవడానికి ముందు నేను ఆ గోనెపట్టాను బ్రష్షుతో దులపబోయి ఆగిపోయాను. మేకుల దగ్గర ఎర్రటి జుట్టు అలాగే చిక్కుకుని ఉంది.

చెల్లెలు అందులోంచి ఒక్క వెంట్రుక లాగింది. పట్టుపోగు చూసినట్టు రెండు చేతుల మధ్య సాగదీసి, వాకిలి వెలుతురుకు అడ్డం పట్టి చూసింది. నలభై ఏళ్ళుగా పోగులు చూసిన కళ్ళు. ఇది నేతలో పడితే చీర పోతుందని నాకూ తెలుసు. అదే అంటుందని కాచుకున్నాను. పిల్ల వాళ్ళవ్వ మొహమే చూస్తోంది.

చెల్లెలు వెంట్రుకను వేలికి చుట్టుకుంది.

“మగ్గానికీ వాకిలికీ మధ్య తలుపు పెట్టించల్ల” అంది. “ఎంత ఎత్తు ఉండల్లక్కా? కొలిచి చెప్పు.”

నేను సంచిలోంచి టేపు తీశాను.